మిగిలిన మేత

మండవల్లి దగ్గర చేపల చెరువు మీద మంచు ఇంకా విడలేదు. నీళ్ళలోకి మేత సంచులు వేలాడేలా చెరువుకి అడ్డంగా కట్టిన తాడు పట్టుకుని భర్త పడవను ముందుకు లాగుతున్నాడు. భార్య ఎదురుగా కూర్చుంది.

"రాత్రి కలొచ్చిందే. చెరువు అడుగున ఈదుతున్నాను. నెత్తి మీద తవుడు సంచి వేలాడుతోంది. నోరు పెట్టాలనిపించలేదు."

"భయమేసిందాండీ?"

"లేదు, చల్లగా హాయిగా ఉంది. ఇదిగో, ఈ సంచి చూడు. నిన్న కట్టింది కట్టినట్టే ఉంది."

"అయితే ఏమంటారు?"

"చేపకి జబ్బు చేసింది. ఇవాళే రెండు పట్టి, కోసి, పొట్టలో ఏముందో చూడాలి. చేప నోరు తెరిచి చెప్పదుగా! మిగిలిన మేతే చెబుతుంది."

"మీరూ చెప్పరు కదండీ."

"నాకేమైంది? గ్యాసు."

"ఊడ్పులప్పటి నుంచీ మీ కంచంలో అన్నం మిగులుతోంది. నాలుగు ముద్దలకే కడుపు నిండిందంటారు. చొక్కాలన్నీ వదులైపోయాయి. మొన్న విరేచనం నల్లగా అయిందని చెప్పి, వెంటనే మాట మార్చేశారు."

"డాక్టరు క్యాన్సరని చెబితేనో?"

"కాకపోవచ్చండీ. అయినా ముందే తెలిస్తే వైద్యం ఉంటుంది. ఏలూరులో గొంతులోంచి సన్నటి గొట్టం వేసి చూస్తారట. చేపని కోసినట్టు కోయరు."

భర్త ఆ నిండు సంచిని మళ్ళీ నీళ్ళలోకి వదిలాడు.

"కలలో చివరికి ఎవరో ఆ సంచిని పైకి లాగారే. మంచులో మొహం కనబడలేదు. గాజుల చప్పుడు మాత్రం వినబడింది."

"ఆ తాడు ఇలా ఇవ్వండి. ఒడ్డుకి నేను లాగుతాను."