పిన్నిగారిని కూల్చినవాడి నాలుగు మాటలు

అధ్యక్షస్థానంలో కూర్చుని అప్పుడే గడియారం చూసుకుంటున్న మా స్టూడియో యజమానిగారికి, నేనేం మాట్లాడతానోనని బిక్కుబిక్కుమంటూ పైకప్పు చూస్తున్న మా డబ్బింగ్ డైరెక్టరుగారికి, పెద్దలకు, గొంతులు అరువిచ్చి బతికే నా తోటివాళ్ళకు, ముందు వరసలో పూలగుత్తిని చంటిపిల్లలా ఒళ్ళో పట్టుకుని కూర్చున్న మా అందరి పిన్నిగారికి, ఆవిడ పక్కన హెల్మెట్ ఇంకా చేతిలోనే ఉంచుకున్న బాబాయిగారికి నమస్కారం. బాబాయిగారూ, ఇవాళ తొందరేమీ లేదు, హెల్మెట్ కింద పెట్టండి. (నవ్వులు)

ఈ వీడ్కోలు సభకని పిన్నిగారి చుట్టాలు కొందరు ఈ గదిలోకి మొదటిసారి వచ్చారు కాబట్టి, ఇక్కడ మేం చేసే పనేమిటో ముందు చెప్పాలి. జపాను నుంచి ఒక బొమ్మల సీరియల్ వస్తుంది, దానికి మేం తెలుగులో గొంతులిస్తాం. అందులో కొందరు పైలట్లు. వాళ్ళకి సొంత దేశమంటూ లేదు, ఎవరు జీతమిస్తే వాళ్ళ తరఫున యుద్ధవిమానాలు నడుపుతారు, ఎడారిలో ఒక పాడుబడ్డ విమానాశ్రయంలో ఉంటారు, పొద్దున లేచి కాఫీ తాగి యుద్ధానికి వెళతారు. వాళ్ళలో ఒక కుర్రాడు ఉన్నాడు. పంతొమ్మిదేళ్ళవాడు, ఒక కన్ను ఎప్పుడూ జుట్టు కిందే ఉంటుంది, మాట్లాడితే ముత్యాలు రాలిపోతాయన్నట్టు మాట్లాడతాడు, ఎదురొచ్చిన విమానాన్నల్లా కూల్చేస్తాడు. ఆ కుర్రాడి గొంతు మా పిన్నిగారిది. వాడు కూల్చిన విమానాలన్నిటిలోనూ ఉన్నది నేను. (నవ్వులు)

మీరు నవ్వుతున్నారు గానీ, ఇన్నేళ్ళుగా నేను పొద్దున్నే తలదువ్వుకుని, టిఫిన్ చేసి, బస్సెక్కి వచ్చింది పిన్నిగారి చేతిలో చావడానికే. మొదట్లో నాకు చావడం రాలేదు. విమానం అంటుకోగానే "ఆఆఆ" అని ఊపిరి ఉన్నంతసేపూ అరిచేవాణ్ణి. ఒకరోజు పిన్నిగారు చెవుల మీది హెడ్‌ఫోన్ తీసి, ఆ కుర్రాడి గొంతుతోనే, ఎందుకంటే ఆవిడ స్టూడియో గడప దాటి లోపలికొస్తే టీ అడిగినా ఆ గొంతుతోనే అడుగుతారు, ఇలా అన్నారు:

"ఏమయ్యా, మంటల్లో ఉన్నవాడు అంత తీరిగ్గా రాగం తీస్తాడా? మొన్న బస్సు దిగుతూ జారావు కదా, అప్పుడేమన్నావు?"

"నా చెప్పు అన్నానండీ."

"అదే అను."

అన్నాను. శత్రుపైలట్ల ముఖాలకి ఆక్సిజన్ మాస్కు ఉంటుంది, పెదవులు కనబడవు, కాబట్టి ఏమన్నా అతుకుతుంది. ఆ వారం టీవీలో ఒక భీకరమైన పైలట్ నల్లటి పొగలో గిరగిరా తిరుగుతూ "అయ్యో, నా చెప్పు" అంటూ ఇసుకలో కలిసిపోయాడు. డైరెక్టరుగారు తల పట్టుకున్నారు. చూసేవాళ్ళకి మాత్రం తెగ నచ్చేసింది. ఆ తర్వాత నా పైలట్లెవరూ ఊరికే చావలేదు. ఒకడు స్టవ్ కట్టేశానో లేదో అంటూ పోయాడు. ఒకడు బట్టలు ఆరేసి వచ్చానే అంటూ పోయాడు. ఒకడైతే, డైరెక్టరుగారు నన్ను క్షమించాలి, "మా ఆవిడకి చెప్పకండి" అంటూ పోయాడు. (చాలాసేపు నవ్వులు) ఆ వారం మా ఆవిడ నాతో మాట్లాడలేదు.

ఇక అసలు సంగతికొస్తాను. మొన్న ఆఖరి భాగం వచ్చింది. అందులో కుర్రాడు కూలిపోతాడు. వాణ్ణి కూల్చేది శత్రువుల్లోకెల్లా పెద్ద పైలట్, నెరిసిన మీసాలవాడు. ఆ మీసాలవాడి గొంతు నాకిచ్చారు. నేను గాల్లో తేలుతూ ఇంటికి వెళ్ళి మా ఆవిడతో, "ఈసారి నేను చావడం లేదు" అన్నాను.

"మరెవరు చస్తారు?"

"పిన్నిగారు."

వడ్డిస్తున్న గరిట గిన్నెలో పడేసి, "ఎవర్నడిగి ఒప్పుకున్నావు?" అంది మా ఆవిడ. అప్పటిదాకా నాకా ఆలోచనే రాలేదు. కుర్రాడు పోతే సీరియల్ అయిపోతుంది. సీరియల్ అయిపోతే, ఈ వయసులో పిన్నిగారికి ఇంకో కుర్రాడు దొరకడు.

మొదట్లో అందరం కలిసే చెప్పేవాళ్ళం గానీ, ఈ మధ్య ఒక్కొక్కళ్ళం విడివిడిగా చెప్పి వెళ్ళిపోతున్నాం. ఆ రోజు పిన్నిగారు ఇద్దరం కలిసే చెప్పాలని పట్టుబట్టారు. పక్కపక్కన నిలబడ్డాం. తెర మీద కుర్రాడి విమానం నా ముందుకొచ్చింది. నేను చెప్పాల్సింది ఒక్కటే వాక్యం: "ఇక చాలు, ఇంటికి పో కుర్రాడా." నోరు తెరిచేలోగా ఆ ముక్క తెర మీద దాటిపోయింది. మళ్ళీ వేశారు. దగ్గొచ్చింది. మళ్ళీ వేశారు. ఈసారి "ఇక చాలు, ఇంటికి పదండి పిన్నిగారూ" అని వచ్చింది. (నవ్వులు) అద్దం అవతల డైరెక్టరుగారు టేబుల్ మీద తలపెట్టుకున్నారు.

పిన్నిగారు కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, "ఏమైంది నీకు?" అన్నారు.

"నేను కాలిస్తే రేపట్నుంచి మీకు ఇక్కడ పనుండదండీ."

"ఆ సంగతి నాకు తెలీదా? జపానులో వాళ్ళు ఎప్పుడో గీసేశారు. నువ్వు నోరు మూసుకున్నంత మాత్రాన వాడు బతుకుతాడా? ఆ మీసాలవాడికి ఎవర్నో కొత్తవాణ్ణి పెడతామన్నారు. నిన్నే పెట్టమని డైరెక్టరుని అడిగింది నేను."

"మీరెందుకడిగారండీ?"

"నాతో ఇన్నేళ్ళు దెబ్బలాడినవాడివి నువ్వు. ముక్కూమొహం తెలియనివాడి చేతిలో పోతానా? కానీయ్, కాల్చు. మీ బాబాయి కింద స్కూటరు స్టార్ట్ చేసి ఉంచాడు, పెట్రోలు దండగ."

కాల్చాను. వాక్యం ఒక్కసారే, తడబడకుండా వచ్చింది. కుర్రాడికి ఆఖర్న మాటలు రాయలేదు, ఊపిరి మాత్రమే. పిన్నిగారు ఒక్క ఊపిరి తీసుకుని, సగం వదిలి, మిగతాది లోపలే ఉంచేసుకున్నారు. అంతే. తెర తెల్లబడింది. ఆపమని చెప్పాల్సిన డైరెక్టరుగారు చెప్పడం మర్చిపోయారు. మేమిద్దరం అలాగే నిలబడిపోయాం.



తర్వాత చూస్తే ఆవిడ బయట మెట్ల మీద కూర్చుని ఉన్నారు. పక్కన కూర్చున్నాను. "ఏడ్చావా?" అని అడిగారు. ఎవరో వేరే మనిషి మాట్లాడినట్టయి తలెత్తి చూశాను. సన్నగా, కొంచెం వణుకుతూ, ఎవరింట్లోనో పక్కగదిలోంచి వినబడే పెద్దావిడ గొంతు అది. నా ముఖం చూసి ఆవిడే, "కొత్తగా ఉంది కదూ. ఇది నా గొంతే. వాడకపోవడంతో నాకూ సరిగ్గా తెలీదు. ఇంటికెళ్ళి నేర్చుకోవాలి" అన్నారు. కింద బాబాయిగారు హారన్ కొడుతున్నారు. లేచి చీర దులుపుకుని, నా భుజం మీద చెయ్యేసి మెట్లు దిగారు.

పిన్నిగారూ, వచ్చే వారం నుంచి ఇక్కడ ఇంకో సీరియల్ మొదలవుతుంది. నాకు అందులో పెద్ద వేషమే ఇచ్చారు, చావు కూడా లేదట. సంతోషించాల్సిందే. కానీ పక్క మైకు దగ్గర మీరు లేకుండా బతకడం ఎలాగో నాకు తెలీదండీ. చావడమంటే మీరు నేర్పారు.

ఈ సభ జరిపించిన యజమానిగారికి, నా చావులన్నీ ఓర్పుతో భరించిన డైరెక్టరుగారికి, ఇంతసేపూ విన్న మీ అందరికీ కృతజ్ఞతలు. ఇప్పుడు పిన్నిగారు మాట్లాడతారు. ఏ గొంతుతో మాట్లాడతారో నేను అడగలేదు. ఒక్క నిమిషం, ఈ మైకు ఆవిడకి ఎత్తవుతుంది, కిందికి దించి వెళతాను. సెలవు.