కిటికీ అద్దం మీద రెండు గీతలు

1988 జులై నాలుగో తేదీ ఉదయం, విశ్వవిద్యాలయంలో నిర్మాణ భూవిజ్ఞాన అధ్యాపకులుగా చేరవలసిన వేళ, ఆచార్యులవారి ఇంట ఒక బల్లగుడ్డ మీద మాటామాటా వచ్చింది. శిలాస్తరాలు ముడతలు పడే తీరును వివరించే తొలి పాఠాన్ని, అప్పుడే ఇస్త్రీ చేసి పరిచిన గుడ్డను రెండు అరచేతులతో ఇరువైపుల నుంచి నెడుతూ, వారు సాధన చేస్తున్నారు.

"కొండలు పుట్టించడానికి నా ఇస్త్రీ గుడ్డే దొరికిందా?" అన్నారు శ్రీమతి.

వారు దానిని మడిచి సంచిలో పెట్టుకున్నారు. ఆ గుడ్డ మళ్లీ ఇల్లు చేరలేదు. తరగతి తరువాత తరగతికి పర్వతాలను చూపుతూ శాఖలోనే ఉండిపోయింది.

క్రమేణా వారు సైస్మిక్ సెక్షన్ల పఠనంలో, అనగా భూమిలోకి పంపిన కంపనాలు తిరిగివచ్చి గీసే పొరల చిత్రాలను చదవడంలో, శాఖకు పెద్దదిక్కయ్యారు. ఒకే చిత్రాన్ని ఇద్దరు విద్యార్థులు ఒకరిదొకరు చూడకుండా పలుచని కాగితాలపై గీయాలి. ఆపై రెండింటినీ కిటికీ అద్దానికి ఆనించి పోల్చాలి. తేడా కనిపించినచోట రుజువు దొరికేదాకా ఏ గీతనూ చెరపరాదు. ఇదీ వారి పద్ధతి.

నిరుడు విద్యార్థుల అభ్యాసాలతో ప్రయోగశాల పుస్తకం సిద్ధమవుతుండగా ఆ పద్ధతి వారింటికే వచ్చింది. ఒక చిత్రంలో పొరలు తెగి జారిన చోటును వారు ఏనాడో ఒకే పొడవాటి పగులుగా గీశారు. అదే శాఖలో పనిచేస్తున్న కోడలు దానిని రెండు విడివిడి పగుళ్లుగా చదివారు. పుస్తకంలో జవాబు ఒక్కటే ఉండాలి, ఎంచవలసినది వారే. కోడలి గీతను కాదంటే ఆమె తొలి స్వతంత్ర పరిశోధన బుట్టదాఖలు. కొన్నాళ్లపాటు మామాకోడళ్లు ఉప్పు అందించమనడానికి మించి మాట్లాడుకోలేదట.

చివరకు ఒక ఆదివారం భోజనాల దగ్గర శ్రీమతి, "పిల్లలకు పెట్టిన నియమం పెద్దలకు పట్టదా?" అన్నారు.

వారు చేయి ఆపి కోడలి వైపు చూశారు.

"రెండూ అచ్చవుతాయమ్మా. జవాబు పేజీ తీయించేస్తున్నా."

"మీది ముందుండాలి, మామయ్యగారూ."

"ఏది ఎవరిదో కూడా రాయొద్దు. నా పేరు చూస్తే ఇక ఎవరూ వాదించరు."

శ్రీమతి తన బల్లగుడ్డ సంగతి అడిగితే, అది మాత్రం కోడలికే అప్పగించానన్నారట.

ఈ నెలాఖరున పదవీ విరమణ చేయనున్న ఆచార్యులవారు, ఆ రెండు గీతలలో నిలిచేదేదో కళ్లారా చూసేంతటి దీర్ఘాయుష్షుతో, అప్పటికీ ఒప్పుకోక వాదించగలిగేంతటి ఆరోగ్యంతో వర్ధిల్లాలని ఆకాంక్ష.