జానెడు తాడు

"మామ్మా, నిన్న మనం తాడు కొన్న షాపోళ్ళు సెల్లుకి మెసేజీ ఎట్టినారు. మా కాడ మీకు ఎలగున్నాది, ఐదు సుక్కలకి ఎన్ని ఇస్తారని అడుగుతన్నారు. ఎన్నెట్టమంటావు?"

సుక్కలేట్రా? ఆకాశంలో సుక్కలా? ఓరి నీ దుంప తెగ, సరుకిచ్చీసి, డబ్బులు తీసీసుకుని, మల్లీ ఎలగున్నాదని మనల్నే అడుగుతాడా కొట్టోడు? తాళ్ళ పాపయ్యని అలగడిగితే... కాదులే, నీకు పాపయ్య తెలీదు. నువ్వు పుట్టీసరికే పోనాడు. ఏటా సెల్లు ఇటు తిప్పినావు? నా మాటలు ఎక్కుతన్నాయేటి? ఎక్కనీ. మూతి మీద ఎట్టకు గానీ, అలగ అరుగు మీద ఎట్టీసి కూకో. సెప్తాను.

ఉన్న మాట సెప్పాలి కదా, నిన్నటి షాపోళ్ళు మరేద తెలిసినోళ్ళేరా. ముసిల్దాన్ననీసి కుర్సీ ఏసినారు, మంచినీళ్ళిచ్చినారు. ఆ నీలం సొక్కా కుర్రాడు తాడు కట్ట ఎత్తుకుని ఆటో కాడికి ఒచ్చినాడు. పాపయ్యయితే కుర్సీ కాదు గదా, గుమ్మంలో నిలబెట్టీసి, తను లోపల అన్నం తినీసి, సెయ్యి కడుక్కుని, "ఏటి?" అనీవోడు. ఆ ఏటి కూడా ఇసుక్కున్నట్టే. మరి సుక్కలు దేనికెట్టాలంటే మర్యాదకైతే ఎట్టుకో, నాలుగో ఐదో. నాకేటి.

గానీ సన్నేసీ, ఆ షాపు నాకు బయమేసినాదిరా. నవ్వకు. గుమ్మం కాడ అద్దం తలుపు దానంతటదే తీసుకున్నాది సూడు, ఎవులు తీసినారని ఎనక్కి సూసినాను. ఎవులూ నేరు. నువ్వు తాళ్ళ ఏపు ఎలిపోనావు, నాను దారి తప్పీసి ఎటో పోనాను. అక్కడ తలుపులురా, వరసన నిలబెట్టినారు. గోడల్నేవు, ఇల్లు నేదు, ఉత్తి తలుపులు. ఒకటి తీసినాను, ఎనకాల ఇంకో తలుపు. అదీ తీసినాను. ఎనకాల ఏటీ నేదు. ఆ పక్కన కొళాయిలు, ఎన్ని కొళాయిలో, ఒక్కదానికీ సుక్క నీరు నేదు. అన్నీ తిప్పి సూసినాను మరి. అంత పెద్ద కొట్టులో ఎవులూ ఎవుల్నీ ఏటీ అడగరు. ఎవులికి వారు బండి తోసుకుంటా ఎలిపోతారు. సచ్చిపోనోళ్ళ సంతకి ఒచ్చినానేటి అనిపించినాది, నీ తోడు.

అప్పుడా నీలం సొక్కా కుర్రాణ్ణి అడిగినాను. బాబూ, ఈ తాడు మా మనవడి బోటు లంగరుకి, ఎవులి బోటు, ఎవులెల్తారు అని అడగవేటి అన్నాను. "ఫోన్ నంబరు సెప్పండమ్మా, సాలు" అన్నాడు. నంబరుంటే సాలేట్రా? నడిసంద్రంలో మీ సెల్లు పలుకుతాదా? పోనీలే అనీసి, కొసనుంచి జానెడు ముక్క కోసి ఇక్కడ ఉంచుకో బాబూ అన్నాను. "శాంపులు కావాలా అమ్మా?" అన్నాడు. శాంపులంట! వాడి తప్పేటి నేదు. వాడికి ఎవులు సెప్పినారు గనక.

ఇదిగో, ఆ ముక్క సంగతే నీకు సెప్పాలి.

కోటబొమ్మాళిలో నాను నెత్తళ్ళ సేపలు అమ్మడానికి తట్ట దించీ కాడ, సంత ఈది మలుపులో, పాపయ్య కొట్టు ఉండీది. తాళ్ళు, వల దారం, వలకి కట్టీ సీసం గుళ్ళు, అంతే. ఇంకేటడిగినా తిట్టీవోడు. మేకులడిగినాడని మీ తాతని ఓసారి బయటికి తోలీసినాడు. అలగని మన రేవు మడుసులు ఎవులూ లంగరు తాడు ఇంకో కాడ కొనీవోరు కాదు. ఎందుకంటే ఆయన అడిగీవోడు. ఎవులి నావ? ఎవులెవులెక్కుతారు? ఇంటికాడ ఎవులుంటారు? పిల్లలెందరు? అన్నీ సెప్తేనే తాడు కొలిసీవోడు. కొలిసినాక కొసనుంచి జానెడు కోసి, ముడేసి, కొట్టు ఎనక గోడకి మేకుకి ఎలాడదీసీవోడు. ఒకే తాడుగా పేనినప్పుడు పుట్టినాయి కదా రెండూ. పెద్దది సంద్రంలోకి ఎల్తాది, సిన్నది గట్టు మీద ఉంటాది. తాడు అరిగిపోయి మారిసినప్పుడు పాతది పట్టుకెళ్ళి ఇస్తే, మేకు మీద ముక్క దించీవోడు. రెండూ కలిపి మన పొయ్యిలో కాల్సీవోళ్ళం. అక్కడికి ఆ తాడు రునం తీరిపోనట్టు.

ఎందుకలగా అని నాను ఓసారి అడిగినాను. "మా అయ్య సేసినాడు, నానూ సేస్తన్నాను. నీకు తాడు కావాలా, కత కావాలా?" అన్నాడు. అదీ వరస.

మరి రాని నావల ముక్కలో? అవి అలగే ఉండిపోయీవి. దించడానికి ఎవులుంటారు? ఆ గోడకి ఎడం పక్కన ఉండీవి అవి, నల్లగా, బూజట్టీసి. నడెండాకాలం, ఈదిలో కుక్కలు నాలిక ఎల్లబెట్టీ ఎండలో, ఆ ముక్కల కొసల్నించి నీళ్ళు కారీవిరా. నా కళ్ళారా సూసినాను. కింద మట్టి సట్టి ఎట్టీవోడు పాపయ్య. దాహంతో తిరిగీ పిల్లి కూడా ఆ సట్టిలో మూతెట్టీది కాదు. ఉప్పు నీరు మరి.

అందుకే నావలు ఆలీసం అయితే ఆడోళ్ళం ఒడ్డున కూకునీవోళ్ళం కాదు. కోటబొమ్మాళి ఎల్లీవోళ్ళం. ఆయన ముక్క పట్టుకుని సూసి, "పొడిగా ఉన్నాది, ఇంటికెల్లు" అనీవోడు. ఎల్లిపోయీవోళ్ళం. పొడి కాకపోతే ఏటీ అనీవోడు కాదు. పీట ఏసి, సెంబుతో మంచినీళ్ళిచ్చీవోడు. అంత కసురుగా ఉండీ మడిసి పీటేసినాడంటే ఇంకేటుంటాది.

మీ అయ్య అప్పుడు నా కడుపులో ఉన్నాడు. వాయుగుండం పట్టినాది. అందరి నావలూ ఒచ్చీసినాయి, మీ తాతది రానేదు. గాలికి బస్సుల్నేవు, నడిసెల్లినాను. తట్ట నెత్తి మీద బోర్లించుకుని, వానలో. పాపయ్య కొట్టు ఓర తలుపు ఏసున్నాది. నన్ను సూసి ఏటీ అడగనేదు. ఎనక్కెల్లినాడు. మేకు కాడ నిలబడినాడు. నిలబడే ఉన్నాడు. పొడి అంటాడని సూస్తన్నాను నాను, అనడే. తిరిగొచ్చి పీట ఏసినాడు.

సెంబు నా సేతికి ఇవ్వబోతే తోసీసినాను. ఎల్లి మేకు మీద ముక్క లాగీసినాను. కారుతన్నాదిరా! పిండితే నీళ్ళు. నాలికెట్టి సూసినాను. ఉప్పు. "తియ్యకూడదే నూకాలూ, నావ రాకుండా దించితే ఇంక దానికి గట్టు నేదు" అని అరిసినాడు పాపయ్య. నాకు ఒళ్ళు మండిపోనాది. "మేకుకి కట్టినోడివి నువ్వు, ఆ మడిసిని కట్టుకున్నదాన్ని నాను" అన్నాను. అనీసి, ఆ ముక్క సీర లోపల, నడుం కాడ, కడుపుకి ఆనించి కట్టీసుకున్నాను.

ఏటి సెప్పమంటావు, అది అంత సల్లగా ఉన్నాది. ఉత్తి సల్లదనం కాదు. లాగుతన్నాది. నవ్వితే ఇంక సెప్పను. లాగుతన్నాది నన్ను, తూరుపుకి, సంద్రం ఏపుకి. పీట మీంచి జారిపోతన్నాను. కొట్టు మద్దిన స్తంబం ఉండీది, దాన్ని కౌగిలించుకుని కూకున్నాను. మీ అయ్య లోపల తంతన్నాడు. పాపయ్య ఏటి సేసినాడో తెలుసా? కుంపటి తెచ్చి నా పక్కనెట్టినాడు. తలుపేసీసి, బేరం మానీసి, అలగ ఇసురుకుంటా కూకున్నాడు. ఎడం పక్క గోడ మీద నీళ్ళు కారుతన్న సప్పుడొకటే. ఆ రాని నావలోళ్ళందరూ ఇంటన్నట్టే ఉన్నాది నాకు.

ఎప్పటికో లాగడం ఆగినాది. ముక్క మెల్లగా ఎచ్చబడినాది. తడి ఆరిపోనాది.

మర్నాడు మీ తాత ఒచ్చినాడు. పెదాలు నల్లగా అయిపోయి, మడిసి సగం అయిపోయి ఒచ్చినాడు. నాను ఏటీ సెప్పకముందే ఆడే సెప్పినాడు. లంగరు నిలవనేదంట, నావ కొట్టుకుపోతన్నాదంట, ఇంక అయిపోనాది అనుకున్నారంట. "అప్పుడు తాడు ఎచ్చబడినాదే నూకీ" అన్నాడు. "ఆ సలి గాలిలో, పొయ్యి కాడ ఎట్టినట్టు. అందరం దాన్నే సుట్టుకుని కూకున్నాం. అప్పుడు లంగరు పట్టినాది" అన్నాడు. నాను ఊఁ అన్నాను. నడుం కాడ ముక్క అలగే ఉన్నాది. దాన్నీ, ఆ తాడునీ, ఆ ఏడాది ఆకర్ని కలిపి కాల్సినాం. మంట నీలంగా లేసినాది.

పాపయ్య పోనాక కొట్టు ఎత్తీసినారు. ఇప్పుడక్కడ సెల్లు కొట్టు. నీ సెల్లు మీద అద్దం ఏయించినావు సూడు, అదే. ఎనక గోడకి ఎడం పక్క సూసినావా? రంగేస్తాడు, రాలిపోతాది. మల్లీ ఏస్తాడు, మల్లీ రాలిపోతాది. పైపు కారుతన్నాదంటాడు ఆ గుంటడు. ఆ గోడలో పైపెక్కడిదిరా. ఆ ముక్కలు ఎవులు దించినారో, ఎక్కడ పారేసినారో. నాను అటు ఎల్లినప్పుడల్లా అడగాలనుకుంటాను. అడగను.

మీ అయ్యకి నడుం పడిపోయి బోటు నీ సేతికొచ్చినాది. సేపల ఏట నిషేదం అయిపోనాది, రేపు తెల్లారి ఎల్తావు. మొదటిసారి నీ బోటు, నీ తాడు. ఆ తాడుకి గట్టు మీద తోడు నేదని నిన్నట్నుంచి నాకు నిద్దర నేదురా సన్నేసీ. నీకు నవ్వులాటగా ఉంటాది. నాకు మాత్రం బయం. అదీ సంగతి.

అందుకే నువ్వు అన్నం తినీసి తొంగున్నప్పుడు నీ కొత్త తాడు కొస జానెడు కోసీసినాను. ఏటలగ సూస్తావు? రెండు కొసలూ అగ్గిపుల్లతో కాల్సినాను, నైలాను ఇడిపోదు. జానెడు తగ్గితే నీ లంగరు మునగదేటి? ఇదిగో, నడుం కాడే ఉన్నాది. గోడ నాకు నేదు, ఒళ్ళున్నాది.

ఏదీ, సెయ్యి ఇలగియ్యి. ముట్టుకుని సూడు. ఇందాకట్నుంచి ఏటో సెమ్మగా తగుల్తన్నట్టున్నాది... నా సెమటేనేటో. నువ్వు సెప్పు.

"పొడిగానే ఉన్నాది మామ్మా."

నిజమేనా? ముసిల్దానికోసం అనడం కాదు గదా? మల్లీ సూడు... ఆఁ. పొడిగానే ఉన్నాది. సరే.

మరి బేగి తొంగో. షాపోడికి సుక్కలు నీకు తోసినన్ని ఎట్టుకో. ముసలినీలమ్మ తల్లి సల్లగా సూస్తాది నిన్ను, నా కొండ. గానీ ఒకటి గుర్తెట్టుకో బాబూ. నడిసంద్రంలో తాడు ఎచ్చగా తగిల్తే బెదిరిపోకు, ఒగ్గీకు. అది నానే.