ఊదినా పోని దుమ్ము

ఆ ఉదయం మబ్బు లేకపోయినా ఆకాశం తెల్లగా మసకేసి ఉంది. రాళ్లు కోసే మిల్లులో ఆఫీసు కంప్యూటర్ మాటిమాటికీ ఆగిపోతోందని గుమాస్తా కబురు పెడితే, రిపేర్లు చేసే బావమరిది వచ్చాడు.

"ప్లగ్గు పీకేశావా, బావా?"

"మీ అక్కతో కాపురం చేస్తున్నవాణ్ణి, ఆమాత్రం భయం ఉండదా?"

"వసారాలోకి పట్టుకెళ్లి విప్పుదాం. ముక్కుకు గుడ్డ కట్టుకో."

"పదేళ్లుగా లేనిది ఇవాళెందుకురా?"

మూత తీస్తే ఫ్యాను రెక్కల నిండా తెల్లటి రాతిపొడి.

"ఇన్నాళ్లూ దీన్ని ఎలా శుభ్రం చేశావు?"

"రోజూ పొద్దున్నే మూత తీసి, నోటితో ఉఫ్‌మని ఊదేవాణ్ణి. దెబ్బకు ఎగిరిపోయేది."

"ఎగిరి ఎక్కడికి పోయేది?"

గుమాస్తా నవ్వబోయి దగ్గాడు.

"ఈమధ్య ఎంత ఊదినా కదలట్లేదురా. గట్టిపడిపోయినట్టుంది. అందుకే నిన్ను పిలిచాను."

బావమరిది ఫ్యాను తిరగకుండా వేలితో పట్టుకుని, మెత్తని కుంచెతో అలా తాకాడు. పొడి జలజలా రాలింది.

"గట్టిపడలేదు, బావా. పిండిలా ఉంది."

"మరి?"

బావమరిది చిన్న కాగితం ముక్క చింపి అరచేతిలో పెట్టుకున్నాడు.

"దీన్ని ఊదు."

గుమాస్తా ఊదాడు. కాగితం వణికింది గానీ చెయ్యి దాటలేదు. మళ్లీ ఊదబోయి గోడ పట్టుకున్నాడు.

"అక్కకు తెలుసా?"

"చెప్పకు."

"రేపు ఎక్స్‌రే తీయిద్దాం."

"ముందు దాని సంగతి చూడు."

మధ్యాహ్నం అక్క పంపిన క్యారియర్ విప్పి ఇద్దరూ తిన్నారు. కంప్యూటర్‌లో ఫ్యాను చప్పుడు చేయకుండా తిరుగుతోంది. ముద్దకూ ముద్దకూ మధ్య బావ ఊపిరి మాత్రం వినబడుతూనే ఉంది.