ఎడమ కదిలితే కుడి కదలాలి

(ఆసుపత్రిలో స్కాన్ బొమ్మలు చూసే గది. మానిటర్ ముందు డాక్టరమ్మ. పక్కన స్టూలు మీద, ఆ బొమ్మలు చూపించే సాఫ్ట్‌వేర్ తయారుచేసిన కంపెనీ మనిషి.)

“అదిగో, మళ్ళీ వణుకుతోంది.”

“ఏది డాక్టర్‌గారూ?”

“రెండూను. ఎడమవైపు పాత స్కాన్, కుడివైపు కొత్త స్కాన్. ఎడమది జరిపితే కుడిది జరగాలి. జరుగుతోంది. జరిగి ఊరుకోదే! అది మళ్ళీ ఎడమదాన్ని తోస్తుంది. ఇది దాన్ని తోస్తుంది. తోడికోడళ్ళలాగా.”

“అర్థమైందండీ. ఒకటి కదిలితే రెండోదానికి కబురు పెట్టమన్నాం. కబురు అందుకున్నది తిరిగి కబురు పెట్టకూడదని చెప్పలేదు.”

“చెప్పలేదా?”

“చెప్పలేదండీ.”

“మీ ఆఫీసులో అందరూ చదువుకున్నవాళ్ళేనా?”

“అందరూనండీ. ఒక్క నిమిషం... ఇక మౌసు ఏ పక్కనుంటే ఆ పక్కదే పెద్ద. రెండోది నోరుమూసుకుని వెనకాలే నడుస్తుంది. ఇప్పుడు తిప్పండి.”

“ఊఁ. వణుకు పోయింది. ఈమాత్రం దానికి ఇన్నాళ్ళా బాబూ?”

“ఇంకో తప్పు కూడా ఉందేమోనని అనుమానమండీ. ఈ పేషెంటువి చూస్తారా? ఊపిరితిత్తులు. పాతదీ కొత్తదీ రెండూ ఎక్కించాను.”

“ఎవరివి?”

“టెస్టింగ్‌కండీ. పేరు తీసేశాం.”

“తీసెయ్యాలి మరి. అన్నట్టు, బయట బెంచీ మీద కూర్చున్నావిడ ఎవరు? నీతోనే వచ్చింది కదా.”

“మా ఆవిడండీ.”

“డ్యూటీకి భార్యను వెంటబెట్టుకొస్తావా?”

“ఇంట్లో ఒక్కతే ఉండలేనంది. కొత్తదాంట్లో ఆ మచ్చ చూడండి. కుడి ఊపిరితిత్తిలో.”

“మచ్చ సంగతి నీకెందుకు? నువ్వు చూడాల్సింది స్క్రోలింగ్.”

“స్క్రోలింగ్ కోసమేనండీ. కొత్తదాంట్లో మచ్చ ఉన్నచోటికి వెళ్తే, పాతదాంట్లో ఏం కనిపిస్తోంది?”

“ఏమీ లేదు, శుభ్రంగా ఉంది. కొత్తగా వచ్చిన మచ్చ. సూది పెట్టి ముక్క తీసి చూడాల్సిందే... ఉండు. ఇదేమిటి? కుడివైపు గుండె కనిపిస్తుంటే ఎడమవైపు కాలేయం మొదలైపోయింది?”

“రెండూ ఒకే చోట లేవా అండీ?”

“ఎక్కడ ఒకే చోట! బెత్తెడు తేడా ఉంది.”

“అదేనండీ. పాతది మెడ నుంచి నడుము దాకా తీశారు. కొత్తది ఛాతీ ఒక్కటే. ఇక్కడ సగానికొస్తే అక్కడా సగానికి వెళ్ళమని కోడు రాశారు. కానీ ఈ సగం వేరు, ఆ సగం వేరు.”

“అది రాసినవాణ్ణి పట్టుకుని తన్నాలి.”

“నేనేనండీ.”

“...కాఫీ తాగావా?”

“లేదండీ. ఏదీ గొంతు దిగట్లేదు.”

“సరే. మరి ఈ స్కాన్‌కి రిపోర్టు వెళ్ళిపోయే ఉంటుంది కదా. కొత్త మచ్చ అని రాసిన మహానుభావుడెవరు?”

“మీరేనండీ.”

“నేనా?”

“కిందటి వారం.”

“...మీ బొమ్మలు కలిసి కదులుతున్నాయని నమ్మాను.”

“నేనూ నమ్మానండీ. ఊరికే పాత కోడు తిరగేస్తుంటే అనుమానమొచ్చింది.”

“ఊరికే?”

“ఊరికేనండీ.”

“ఇప్పుడేం చెయ్యాలి?”

“రెండింట్లోనూ తప్పకుండా ఉండే చోటొకటి చెప్పండి. అక్కడ ముడేస్తాను. ఆ తర్వాత ఇది ఎన్ని మిల్లీమీటర్లు దిగితే అదీ అన్నే దిగుతుంది. ఇక సగాలూ పావులూ వద్దు.”

“గాలిగొట్టం రెండుగా చీలే చోటు. కొత్తదాంట్లో ఇదిగో. పాతదాంట్లో... ఇదిగో.”

“రెండింటి మీదా నొక్కండి. అయింది. ఇప్పుడు కిందికి రండి. మెల్లిగా.”

“అంత ముందుకి వంగకు. నాకు తెర కనపడట్లేదు.”

“సారీ అండీ.”

“వస్తున్నా... ఇటు గుండె. అటూ గుండె. బాగుంది. ఇంకొంచెం...”

“కనిపించిందా అండీ?”

“మాట్లాడకు.”

“డాక్టర్‌గారూ...”

“మాట్లాడకన్నానా! ...ఉంది.”

“ఏది?”

“మచ్చ. పాతదాంట్లోనూ ఉంది. అదే చోటు, అదే సైజు. ఇన్నేళ్ళలో వెంట్రుకవాసి పెరగలేదు.”

“అంటే?”

“అంటే ఎప్పుడో ఏదో జబ్బు చేసి తగ్గిన గుర్తు. అక్కడే కాపురం పెట్టింది, ఎవర్నీ ఏమీ అనదు. సూదీ వద్దు, గీదీ వద్దు.”

“ఖాయమేనా అండీ?”

“నన్నే అడుగుతావా? ...అడుగులే. ఇవాళ అడగాల్సిందే. ఇంకో డాక్టరుకి కూడా చూపించి, రిపోర్టు ఇప్పుడే మార్చి రాస్తా. ఇలా పక్కపక్కన పెట్టి చూసిన స్కాన్‌లన్నీ మళ్ళీ మొదటినుంచీ చూడాలి.”

“నేనూ ఉంటానండీ. అన్నీ అయ్యేదాకా.”

“ముందు ఆ నీళ్ళు తాగు. ఏసీ గదిలో ఆ చెమటలేంటి?”

“అలవాటండీ.”

“పాపం, ఆ పేషెంటు వారం నుంచి ఎంత నరకం పడి ఉంటాడో. సూదికి రేపు పొద్దున్నే రమ్మని రాశాం. అతనికి వెంటనే చెప్పాలి. ఫోన్ నంబరుందా నీ దగ్గర?”

“ఫోన్ అక్కర్లేదండీ. మీరిప్పుడే చెప్పారు.”