శకుంతల జాడీ

లండన్, ఒంటారియో. ఇంటి పెరట్లో మట్టి ఓవెన్ ముందు రిటైరైన ఇంజనీరు కేశవరావు, చరిత్ర ప్రొఫెసరైన ఆయన భార్య శకుంతల దగ్గర రీసెర్చ్ చేసిన సాత్విక. శకుంతల పోయి రేపటికి ఏడాది.

"ఆ పులిసిన పిండి వద్దంకుల్. ఈస్ట్ కొనుక్కొచ్చా, అది వేద్దాం."

"వెయ్యేళ్ల కిందట ఈస్ట్ ఎవరమ్మారు?"

"అది కాదు..."

"అప్పట్లో పడవలెక్కి సముద్రం దాటి ఈ దేశపు దీవి న్యూఫౌండ్‌లాండ్ వచ్చినవాళ్లు రొట్టె ఎలా కాల్చుకున్నారో చూడాలనే కదా మీ ఆంటీ ఈ ఓవెన్ కట్టింది. మట్టి తొక్కి తొక్కి నా మోకాళ్లు పోయాయి."

"మిమ్మల్ని ఫ్రీ లేబర్ అనేవారు."

"అనేది. వెళ్లి మీ ఆంటీ పులియబెట్టిన ఆ పిండి తే. వంటింటి కిటికీ దగ్గరుంది, జాడీలో."

"చూశా."

"పొంగిందా?"

"పొంగింది. రోజూ వేస్తున్నారా పిండి?"

"పొద్దున్నే గుప్పెడు పిండి, కాసిని నీళ్లు. నాకు ఇంకేం పనుంది?"

"మీరు తింటున్నారా?"

"దానికి పెడుతున్నాగా."

"మిమ్మల్ని అడిగా అంకుల్."

"ఆ కట్టె ఇంకాస్త లోపలికి తొయ్యి."

"రేపు ఆంటీ స్టూడెంట్స్ అందరూ వస్తారు. ఇది ఆంటీ పిండితో కాల్చిన రొట్టె అని చెబుతారా?"

"చెబుతా."

"చెప్పకండి."

"ఎందుకని?"

"పొగ ఇటొస్తోంది, కాస్త జరగండి."

"సాత్వికా."

"అది ఆంటీది కాదంకుల్. ఆంటీ పోయాక మీరు హాస్పిటల్ నుంచి వచ్చేసిన మర్నాడు అన్నం తెచ్చా కదా, ఇంట్లో పొయ్యి వెలిగించకూడదని..."

"పప్పు, అన్నం. వేడిగా ఉంది."

"అప్పుడు ఈ జాడీ కడిగి బోర్లించి ఉంది. చెడిపోయిందనుకుని చుట్టాలెవరో పారబోసుంటారు. మీరు చూస్తే తట్టుకోలేరని, నేను సొంతంగా పులియబెట్టుకున్నది తెచ్చి పోసేశా. ఏడాదిగా చెబుదామనుకుంటూనే..."

"ఆ పడవల్లో వచ్చినవాళ్లలో ఒకరి పిండి చచ్చిపోతే పక్కింట్లో అడిగేవాళ్లేమో, మనం పెరుక్కి తోడు అడిగినట్టు. మీ ఆంటీ అనేది. ఆధారం మాత్రం దొరకలేదట."

"కోపం లేదా అంకుల్?"

"కడిగింది చుట్టాలు కాదమ్మా, నేనే. ఇక ఈ ఇంట్లో ఏదీ పొంగక్కర్లేదనుకున్నా. సాయంత్రం చూస్తే జాడీ నిండా ఉంది."