తొట్టెల కింద చాపిన చేతులు

“నానమ్మా, అక్క బిడ్డను తొట్టెలల ఏసిన నాడు ఏం లొల్లయిందట? నేను పరీక్షలల్ల పడి రాకపోతి.”

లొల్లి చేసింది నేనే బిడ్డా. గీ బెంచి మీద కూసో, చెప్త. పొద్దుగాల మీ క్యాంపస్‌ల గాలి మంచిగుంటది. మీ తాత లాలాగూడ వర్క్‌షాపుకు గీ తొవ్వలనే సైకిల్ మీద పోతుండె... ఏం చెప్తున్న? ఆఁ. నాకు రక్త క్యాన్సర్ గదా, మెల్లగ నడిచే రకం. గోలీలు కొన్నేండ్లు పని చేసినయ్, తర్వాత చేయలే. ఎడమ డొక్కల స్ప్లీన్, తెలుగుల ప్లీహమంటరు, ఉబ్బింది. రెండు బుక్కలు తింటె కడుపు నిండినట్టయితుండె. అప్పుడు దానికి కరెంట్ పెట్టిన్రు. అదే, రేడియేషన్.

కడుపు మీద పెన్నుతోని గీతలు గీసిన్రు, తుడవొద్దన్నరు. గవి మా ఆడబిడ్డ కంట్ల పడ్డయ్, మీ మెట్టుగూడ నానమ్మ. ఇగ నా గ్లాసు పక్కకు పెట్టుడు షురూ చేసింది. పోనీ అని ఊకున్న.

తొట్టెల నాడు పిల్లను ఒకరు తొట్టెల కిందికెళ్లి ఇస్తె అవుతల ఒకరు అందుకోవాలె గదా. నేను పోయి అవుతల కూసున్న, చేతులు చాపిన. “వదినా, నీ ఒంట్ల రేడియేషనున్నది, పసిపిల్లను ముట్టకు” అన్నది ఆడబిడ్డ, అందరి ముంగట! నాకు మండింది. కండ్లల్ల నీళ్లు గూడ వచ్చినయ్, అబద్ధమెందుకు. “డాక్టరమ్మను అడిగిన. అది ఎక్స్‌రే అసొంటిదే, మెషిన్ బందయితె ఒంట్ల ఏం మిగలదు. పిల్లనియ్యకుంటె ఈడికెళ్లి లేవ” అన్న.

మీ అమ్మ వంగి, పిల్లను నా చేతులల్ల పెట్టింది. ఎంత మెత్తగుండె బిడ్డా!

జబ్బు పోయిందా అంటవా? పోలే. స్ప్లీన్ తగ్గింది. అన్నం తింటున్న, గీడిదాంక నడుస్తున్న. నాతోని కరెంట్ పెట్టించుకోను వచ్చే మల్కాజ్‌గిరి సారుకు రక్తకణాలు పడిపోతె నడుమల ఆపిన్రు. పోయిండు పాపం. అందరికి ఒక్కతీరు కాదు. నాకూ మల్ల ఉబ్బొచ్చు అన్నది డాక్టరమ్మ. ఉబ్బనీ.

లే, క్లాసుకు టైమయితున్నది. మంచిగ సదువుకో, సల్లగుండు. రేపు నీ బిడ్డ తొట్టెలకు గూడ అవుతల నేనే కూసుంట. అందాక ఉంటనా అని మాత్రం ఏ డాక్టరునూ అడుగ.